వీలునామా పాఠాలు – 3: సంతకాల పేజీ ముందు చూడండి

ఏ ఆస్తికి వీలునామా రాయవచ్చో కిందటి పాఠంలో చూశాం. స్వార్జితం మొత్తానికి రాయవచ్చు, పిత్రార్జితంలో తన వాటాకు మాత్రమే రాయవచ్చు. ముస్లిం కుటుంబాలకు నియమాలు వేరు. మిగతా వారసులు ఒప్పుకోకపోతే మూడో వంతు మించి చెల్లదు. దానికి విడిగా ఒక పాఠం ఉంటుంది.

ఇవాళ ఒక ఊహా కుటుంబాన్ని తీసుకుందాం. మలక్‌పేటలో తండ్రి సొంత సంపాదనతో కట్టిన ఇల్లు, ముగ్గురు పిల్లలు. ఇల్లు చిన్నకొడుక్కి, బ్యాంకు డబ్బు కూతురికి రాశారు. పెద్దకొడుకు పేరే లేదు. ఎగ్జిక్యూటర్, అంటే వీలునామాను అమలు చేసే బాధ్యత ఉన్నవాడు, కూడా చిన్నకొడుకే. కర్మకాండలు అయ్యాక కాగితం బయటికొచ్చింది. పెద్దకొడుకు నోట మొదట వచ్చే మాట "అన్యాయం". ఆ బాధ నిజం. అయితే స్వార్జితాన్ని తండ్రి తనకు నచ్చినవాళ్లకు ఇచ్చుకోవచ్చు. కోర్టు తేల్చేది ఇది ఆయన తెలివితో, ఇష్టంతో రాసిందేనా అన్నది.

అందుకే చివరి పేజీ ముందు చదవండి. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం కనీసం ఇద్దరు సాక్షులుండాలి. ఆయన సంతకం పెడుతుంటే ప్రతి సాక్షీ చూసి ఉండాలి, లేదా "ఈ సంతకం నాదే" అని ఆయన చెప్పగా విని ఉండాలి. తర్వాత ఆయన ఎదుటే తానూ సంతకం చెయ్యాలి. ఇద్దరూ ఒకే సమయంలో ఉండనక్కర్లేదు. కేసు నడిస్తే, బతికున్న సాక్షుల్లో ఒక్కరైనా కోర్టుకొచ్చి చెప్పాలి.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రిజిస్టరైనంత మాత్రాన సవాలు చెయ్యకూడదనీ లేదు. రిజిస్టరైన వీలునామా నకలును ఆయన పోయాక ఎవరైనా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు చేసి తీసుకోవచ్చు. తమ్ముడు చూపించిన జిరాక్సు మీద ఆధారపడకుండా ముందు అది తెచ్చుకోండి.

ఇప్పుడు తేదీ చూడండి. ఆ రోజుల్లో ఆయన ఆరోగ్యం ఎలా ఉంది? వీలునామా ఉన్న భాష ఆయనకు చదవడం వచ్చా? రాయించడానికి ఎవరు తీసుకెళ్లారు? ఆస్తిలో పెద్ద భాగం పొందినవాడే దగ్గరుండి రాయించి ఉంటే అది అనుమానాస్పద పరిస్థితి అవుతుంది. దాన్ని తొలగించాల్సిన భారం వీలునామాను ముందుకు తెచ్చినవాడిదే అని వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మోసం, బలవంతం జరిగాయని మీరే ఆరోపిస్తే మాత్రం ఆ రుజువు సాధారణంగా మీ మీద పడుతుంది. కాబట్టి కోపంలో పెద్ద మాటలు రాయించకండి.

ఇక చిన్నకొడుకు వైపు. హైదరాబాద్‌లో ప్రొబేట్ (వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) తప్పనిసరి కాకపోయినా, గొడవ కనిపిస్తుంటే సిటీ సివిల్ కోర్టుకు వెళ్లి తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. ఎగ్జిక్యూటర్ చేతికొచ్చిన ఆస్తి ఆయన సొంతం కాదు. ముందు అంత్యక్రియల ఖర్చు, ప్రొబేట్ ఖర్చులు తీర్చాలి. ఆ తర్వాత చివరి మూడు నెలల్లో తండ్రికి పనిచేసినవాళ్లకు రావలసిన జీతాలు ఇవ్వాలి. మంచం దగ్గర రాత్రిళ్లు మేలుకున్న ఆయా జీతం మిగతా అప్పులకన్నా ముందు తీరాలని చట్టమే చెబుతోంది. ఇంటి గొడవల్లో అందరూ మరిచిపోయేది ఆమెనే, దయచేసి మరవకండి. తర్వాత మిగతా అప్పులు, ఆ పైన పంపకాలు. తండ్రి పోయిన నాటి నుంచి ఏడాది దాకా పంచి తీరాలన్న ఒత్తిడి ఎగ్జిక్యూటర్ మీద లేదు. ప్రొబేట్ తీసుకుంటే ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ఏడాదిలో జమాఖర్చు కోర్టుకు ఇవ్వాలి. ఆస్తిని దుర్వినియోగం చేసి నష్టం తెస్తే సొంత డబ్బుతో పూడ్చాలి. పై వాటా అద్దె వస్తుంటే మొదటి నెల నుంచే నోటుబుక్కులో రాయండి, రసీదులు దాచండి, అన్నకూ అక్కకూ చూపించండి.

అభ్యాసం: వీలునామా తేదీ మార్చి 10. తండ్రి ఆసుపత్రిలో చేరింది 7న, ఇంటికొచ్చింది 12న. సాక్షులిద్దరూ చిన్నకొడుకు స్నేహితులు, ఒకరు ఇప్పుడు లేరు. పెద్దకొడుకు అడగాల్సిన ప్రశ్నలు ఒక కాగితం మీద, చిన్నకొడుకు సిద్ధం చేసుకోవాల్సిన ఆధారాలు మరో కాగితం మీద రాయండి. వాటితోనే వచ్చే పాఠంలో కేవియట్ (మాకు చెప్పకుండా ప్రొబేట్ ఇవ్వొద్దని కోర్టులో ముందే వేసే కాగితం) వెయ్యడం నేర్చుకుందాం.