పెళ్లిళ్ల సీజన్ ముందు ముఖం, తల, పళ్లు: ముందే చూసుకోవాల్సినవి

మాఘం వచ్చిందంటే నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ పార్లర్లలో కుర్చీ ఖాళీ ఉండదు. జ్యేష్ఠం దాకా ఇదే వరస. ఒకప్పుడు పెళ్లికూతురు మాత్రమే వచ్చేది. ఇప్పుడు ఆడబిడ్డలు, తోడికోడళ్లు, ఆఖరికి పెళ్లికొడుకు తమ్ముళ్లు కూడా ఫోన్‌లో రీల్ చూపించి "అక్కా, గిట్ల కావాలె" అంటున్నారు. ఆ రీల్‌లో ఫిల్టర్ ఎంతో, ఆమె చర్మం ఎటువంటిదో మనకు తెలియదు. మన దగ్గర మే నెలలో 44, 45 డిగ్రీలు మామూలే. అందుకే ముహూర్తం నెల రోజుల్లో ఉందనగా ముఖానికి గానీ తలకు గానీ కొత్తది ఏదీ మొదలుపెట్టొద్దు. తేడా కొడితే సర్దుకోవడానికి ఆ నెల కూడా చాలదు.

అన్నిటికన్నా భయం తెల్లబడే క్రీములతోనే. "ముఖానికి మంచి క్రీమ్ ఇయ్యన్నా" అని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబుల్లో కొన్నిటిలో స్టెరాయిడ్ ఉంటుంది. నాలుగైదు రోజులకే ముఖం మెరుస్తుంది, మొటిమలు అణుగుతాయి, చుట్టాలు "ఏం రాస్తున్నవే" అని అడుగుతారు. నెలల తరబడి వాడితే చర్మం పలచబడి సన్నటి ఎర్ర నరాలు పైకి తేలతాయి, బుగ్గల మీద వెంట్రుకలు వస్తాయి, ఎండలోకి అడుగుపెడితే మంట. ఆపేస్తే మొటిమలు, ఎరుపు మునుపటికన్నా ఎక్కువగా తిరగబెడతాయి. ఆ భయానికే మళ్లీ అదే ట్యూబ్ కొంటారు.

ట్యూబ్ తిప్పి చూడండి. పేరు కింద సన్నక్షరాల్లో బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్ అని ఉంటే అది స్టెరాయిడే. ఎడమ అంచున నిలువుగా ఎర్ర గీత ఉంటే డాక్టర్ చీటీ మీదే అమ్మాల్సిన మందు. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటసోన్ మూడూ కలిసిన క్రీమ్ మంగు మచ్చలకు డాక్టర్లు కొన్ని వారాల పాటు రాసేది. దాన్ని రోజూ పౌడర్ కింద రాసుకునేవాళ్లు మన ఊళ్లలో తక్కువేమీ కాదు. ఇప్పటికే వాడుతుంటే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి, ట్యూబ్ పట్టుకొని చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రులు ఉన్నాయి, హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు.

తయారీదారు చిరునామా, లైసెన్స్ నంబర్ లేని డబ్బా క్రీములు ఇంకో రకం. వీటిలో పాదరసం ఉండే ప్రమాదం ఉంది. కేరళలోని మలప్పురం జిల్లాలో ఫెయిర్‌నెస్ క్రీములు వాడినవాళ్లకు కిడ్నీ జబ్బు వచ్చిందని అక్కడి డాక్టర్లు 2023లో గుర్తించారు. మూత్రంలో నురుగు, కాళ్లకు, కళ్ల కింద వాపు కనబడితే "నిద్ర లేక" అని సరిపెట్టుకోకుండా పరీక్ష చేయించుకోండి, ఏ క్రీమ్ వాడారో దాచకుండా చెప్పండి.

పళ్ల సంగతి మన జిల్లా వాళ్లకు ప్రత్యేకం. చిన్నప్పుడు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పళ్ల మీద గోధుమ రంగు చారలు పడ్డవాళ్లు పెళ్లి ఫోటోల కోసం బొగ్గు పొడి, వంట సోడా, నిమ్మరసం రుద్దుతున్నారు. ఆ చార పన్ను పైన అంటిన మరక కాదు, పన్ను తయారయ్యేటప్పుడే లోపల పడ్డది. ఎంత రుద్దినా చార పోదు, ఎనామెల్ అనే పన్ను పైపొర మాత్రం అరిగిపోతుంది, మళ్లీ రాదు. తర్వాత చల్లనీళ్లు తాగినా జివ్వుమంటుంది. పళ్ల డాక్టర్ దగ్గర దీనికి దారులున్నాయి, చార లోతును బట్టి చేస్తారు. రెండు మూడు నెలల ముందే వెళ్లాలి.

జుట్టు సాఫుగా ఉండేందుకు స్మూత్‌నింగ్, కెరాటిన్ చేయించుకుంటుంటే ఏసీ కోసం తలుపులన్నీ మూసిన గదిలో కూర్చోవద్దు. ఐరన్ వేడికి లేచే పొగ కళ్లు మండించేంత ఉంటే ఫార్మాల్డిహైడ్ అనే ఘాటు రసాయనం ఉందని అనుమానించాలి. అది లేదని అమ్మేవాటిలో కొన్నిటిలో గ్లయాక్సిలిక్ యాసిడ్ ఉంటోంది. అటువంటివి చేయించుకున్న తర్వాత కిడ్నీలు దెబ్బతిన్న 26 మంది గురించి ఇజ్రాయెల్ డాక్టర్లు రాశారు. మందు కుదుళ్లకు తగలకుండా వేయమనండి. చేయించుకున్న రోజో మర్నాడో వాంతులు, నడుము నొప్పి, మూత్రం తగ్గడం ఉంటే వెంటనే ఆసుపత్రికి పోవాలి.

రంగు వేయించుకునేవాళ్లు ముందు చెవి వెనకో మోచేతి మడతలోనో కొంచెం రాసి 48 గంటలు ఆగండి. నిరుడు పడింది కదా అని ఈసారి పడుతుందని లేదు. గంటలోనే నల్లగా పండే కోన్లతోనూ అదే చిక్కు, జుట్టు రంగుల్లో వాడే పీపీడీ అనే రసాయనాన్నే వాటిలో కలుపుతారు. అసలు గోరింటాకు కడిగినప్పుడు నారింజ రంగులో ఉండి ఒకటి రెండు రోజులకు ముదురుతుంది. కాబట్టి మెహందీ పెళ్లికి రెండు రోజుల ముందు పెట్టుకోండి.

నలుగు పిండిలో నిమ్మరసం పిండవద్దు, ముఖ్యంగా వాకిట్లో ఎండలో హల్దీ పెట్టుకుంటే. నిమ్మరసం పడ్డ చోట ఎండ తగిలితే బొబ్బలొస్తాయి, ఆ నలుపు నెలలు ఉంటుంది. సాగర్‌లోనో సోమశిలలోనో ప్రీ వెడ్డింగ్ షూట్ ఉంటే పొద్దున తొమ్మిదిలోపు ముగించండి. సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, ముఖానికి మెడకు కలిపి రెండు వేళ్ల నిండా తీసుకుని, రెండు గంటలకోసారి రాయాలి. కందిగింజంత రాస్తే రాయనట్టే. రెటినాల్ (విటమిన్ ఎ రకం) క్రీమ్ వాడేవాళ్లు వ్యాక్సింగ్‌కి వారం ముందు ఆపాలి, లేకపోతే వెంట్రుకతో పాటు తోలూ వస్తుంది. గర్భిణులు రెటినాల్ జోలికే పోవద్దు.

మేకప్‌కి ట్రయల్ అడగండి, డబ్బులు అడిగినా ఇవ్వండి. ఒకరి కాటుక, మస్కారా, లిప్‌స్టిక్ ఇంకొకరు వాడొద్దు. పెళ్లికూతురి రంగుకన్నా రెండు షేడ్లు తెల్లగా పూస్తే చేతులొక రంగు, ముఖమొక రంగు అయి వీడియోలో ఇంకా బయటపడుతుంది. ఇది నాకు అసలు నచ్చని అలవాటు.

ఏదైనా పడక ముఖం మండితే మామూలు నీళ్లతో కడిగి వదిలేయండి. పేస్టు, పెరుగు, ఇంట్లో ఉన్న ఏదో ఒక ట్యూబ్ రాయొద్దు. వాడిన డబ్బాను పారేయకుండా డాక్టర్‌కు చూపించడానికి ఉంచండి. పెదాలు, కనురెప్పలు ఉబ్బి ఊపిరి ఆడకపోతే పార్లర్‌కు కాదు, 108కి ఫోన్ చేయండి.