బుకర్ టీ అండ్ ది ఎంజీస్: ఒక సోల్ బ్యాండ్ చరిత్రను విని నేర్చుకునే పద్ధతి

కర్నూల్లో పెళ్ళిళ్ళకు, చవితి పందిళ్ళకు వాయించే ఆర్కెస్ట్రాలో నేను కీబోర్డు వాయిస్తాను. మాకు బేస్ గిటార్ (కింది, లోతైన స్వరాలు వాయించేది) విడిగా ఉండదు, నా ఎడమ చెయ్యే బేస్. అందుకే నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు ఒకటే చెప్తుంటాను: ఏ పాట చరిత్రైనా వెనక వాయించేవాళ్ళ దగ్గర మొదలుపెట్టండి. దానికి బుకర్ టీ అండ్ ది ఎంజీస్‌ను మించిన బ్యాండ్ నాకు కనబడలేదు. అమెరికాలోని మెంఫిస్‌లో, స్టాక్స్ రికార్డ్స్ కంపెనీ నుంచి 1960లలో వచ్చిన సోల్ (అమెరికా నల్లవాళ్ళ సంగీతంలో పుట్టిన ఒక శైలి) పాటల్లో చాలావాటి వెనక వాయించింది వీళ్ళే.

ఒక నోట్‌బుక్, ఒక జత ఇయర్‌ఫోన్లు చాలు. ఫోన్ స్పీకర్లో మాత్రం వినకండి. బేస్ వినబడకపోతే సగం చరిత్ర పోయినట్టే.

మొదట 1962 నాటి 'గ్రీన్ ఆనియన్స్' పెట్టండి. మా కుర్రాడొకడు సగం విన్నాక "అన్నా, పాడేటాయన ఎప్పుడొస్తాడు?" అని అడిగినాడు. ఎవరూ రారు, అంతా వాయిద్యమే. వేరే గాయకుడి రికార్డింగ్ కోసం వచ్చి, ఖాళీ దొరికినప్పుడు వాయించుకున్న ముక్క ఇది. ముందు రికార్డుకు రెండో వైపు వేశారు. చివరికి అమెరికా పాప్ చార్టులో 3వ స్థానానికి ఎక్కింది. ఆర్గాన్ వాయించిన బుకర్ టీ జోన్స్ వయసు అప్పటికి 17.

నోట్‌బుక్‌లో 12 గడులు గీయండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడుతూ నాలుగు అయినప్పుడల్లా ఒక గడి దాటండి. 5వ గడిలో కార్డ్ (కలిపి వాయించే స్వరాల గుత్తి) మారుతుంది, 7లో మొదటి కార్డ్‌కు వస్తుంది, 9లో ఇంకో కార్డ్‌కు పోతుంది, 12 అయ్యాక అంతా మళ్ళీ మొదటి నుంచి. ఈ లెక్క చేతికి పట్టేదాకా ముందుకు పోవద్దు. తర్వాత బేస్ ఒక్కటే పట్టుకుని వినండి. అది లూయీ స్టైన్‌బర్గ్. ఆ తర్వాత స్టీవ్ క్రాపర్ గిటార్ మీద చెవి పెట్టండి. ఆయన ఎంతసేపు వాయించకుండా ఆగుతాడో గమనించండి. ఎక్కువ వాయిస్తే గొప్ప అనుకునే మన పిల్లలకు ఇంతకు మించిన పాఠం లేదు.

వెంటనే 1969 నాటి 'టైమ్ ఈజ్ టైట్' వినండి. బేస్ మనిషి మారాడని చెవికే తెలుస్తుంది. 1960ల మధ్యలో స్టైన్‌బర్గ్ చోటికి డొనాల్డ్ 'డక్' డన్ వచ్చాడు. మొదటి రికార్డులో బేస్, ఆర్గాన్ కలిసి ఒకే ముక్కను తిప్పుతుంటాయి. ఇందులో బేస్ పాటనంతా ముందుకు తోసుకుపోతుంది.

ఇక అసలు పని. విల్సన్ పికెట్ 1965లో పాడిన 'ఇన్ ది మిడ్‌నైట్ అవర్' పెట్టి, 2, 4 దెబ్బల మీద తొడ తట్టండి. మీ చెయ్యి పడిన తర్వాత వెంట్రుకవాసి ఆలస్యంగా స్నేర్ డ్రమ్ దెబ్బ పడుతుంది. నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ స్టూడియోలో అప్పటి కొత్త డాన్సు అడుగు వేసి చూపిస్తే, డ్రమ్మర్ అల్ జాక్సన్, క్రాపర్ ఆ వెనకడుగును పట్టుకున్నారు. తర్వాత స్టాక్స్ పాటలకు ఆ నడకే గుర్తయింది. మా ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్స్) కుర్రాళ్ళకు దీన్ని నేర్పడం చాలా కష్టం, ఎందుకంటే మెషీన్ ఆలస్యం చెయ్యదు.

ఈ రికార్డులో బుకర్ టీ లేడు. ఆ రోజుల్లో ఇండియానా యూనివర్సిటీలో సంగీతం చదువుతున్నాడు. అందుకే ప్రతి పాటకూ గదిలో నిజంగా ఎవరున్నారో వెతికి రాసుకోండి. బ్యాండ్ పేరు చూసి రాయకండి.

ఆ గది కూడా తెలియాలి. మన దగ్గర మూతపడ్డ టాకీసులు ఫంక్షన్ హాళ్ళయినట్టు, మెక్‌లెమోర్ అవెన్యూలోని పాత కాపిటల్ సినిమా హాలును స్టూడియో చేశారు. కుర్చీలు తీసేశారు గాని వాలు నేల అలాగే ఉంది. ఆ పాటల్లో వినబడే నిండైన గుమ్ము అక్కడిదే.

డన్ వచ్చాక బ్యాండులో ఇద్దరు నల్లవాళ్ళు, ఇద్దరు తెల్లవాళ్ళు. ఆనాటి మెంఫిస్‌లో వాళ్ళు కలిసి కూర్చోగలిగిన కొద్ది చోట్లలో లొరైన్ మోటెల్ ఒకటి. మిడ్‌నైట్ అవర్ పాటను క్రాపర్, పికెట్ రాసుకున్నది అక్కడే. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపిందీ అక్కడే. అంతకు నాలుగు నెలల ముందు, 1967 డిసెంబర్ 10న, స్టాక్స్ పెద్ద గాయకుడు ఓటిస్ రెడింగ్ విమాన ప్రమాదంలో పోయాడు. ఈ రెండు తేదీలు పేజీ మధ్యలో గీత గీసి రాసుకుని, ముందువి ఒకవైపు, తర్వాతివి ఒకవైపు వినండి.

1967 నాటి 'సోల్ మ్యాన్' వదలకండి. పాట మధ్యలో గాయకుడు శామ్ మూర్ "ప్లే ఇట్, స్టీవ్" అని కేకేస్తాడు. వెనక వాయించేవాడి పేరు రికార్డులోనే పలికాడు. నాకు విన్నప్పుడల్లా కళ్ళు చెమరుస్తాయి.

ఆఖరుకు 1971 నాటి 'మెల్టింగ్ పాట్'. ఎనిమిది నిమిషాలకు పైనే ఉంటుంది, తొందర లేనప్పుడు వినండి. నలుగురూ మళ్ళీ కలుద్దామనుకుంటుండగా, 1975 అక్టోబర్‌లో అల్ జాక్సన్‌ను ఆయన ఇంట్లోనే కాల్చి చంపారు. ఆ ఏడాది చివరికి స్టాక్స్ కూడా దివాలా తీసింది. 1992లో బ్యాండ్‌ను రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు.

ఇదే పద్ధతి మీ ఊరి ఆర్కెస్ట్రాకూ పనికొస్తుంది. ఈసారి చవితికి పందిట్లో ఫోన్‌తో రికార్డ్ చేస్తే, ప్యాడ్స్ ఎవరు, డోలక్ ఎవరు, కీబోర్డు ఎవరు అని అడిగి, ఏడాదితో సహా ఫైలు పేరులోనే పెట్టండి.