నలుగురు కలిసి రికార్డర్ బృందం ఎలా మొదలుపెట్టాలి?

రికార్డర్ అంటే పై కొసను నోట్లో పెట్టుకుని ఊదే వేణువు. ముందు ఏడు రంధ్రాలు, వెనక బొటనవేలికి ఒకటి. పిల్లనగ్రోవిలా పెదాలు సరిచేసుకుంటూ తంటాలు పడక్కర్లేదు, ఊదగానే పలుకుతుంది. అందుకే చాలామంది దీన్ని పిల్లల వాయిద్యంగానే చూస్తారు. కానీ 16వ శతాబ్దపు యూరప్‌లో ఇది రాజుల కొలువులో మోగింది. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ చనిపోయాక 1547లో రాసిన ఆస్తుల జాబితాలో 76 రికార్డర్లు ఉన్నాయి. అప్పట్లో చిన్నవీ పెద్దవీ కలిపి, ఒకే ఇంటి గొంతుల్లా వాయించేవారు. హనుమకొండలోనో కాజీపేటలోనో ఓపిక ఉన్న నలుగురు దొరికితే ఇక్కడా ఆ పని చేయవచ్చు. చర్చి కోయిర్‌లో పాడేవాళ్లు, కీబోర్డు నేర్చుకున్నవాళ్లు ఒకరిద్దరు ఉంటే స్టాఫ్ నొటేషన్, అంటే ఐదు గీతల మీద స్వరాలు రాసే పాశ్చాత్య పద్ధతి, చదవడం తేలికవుతుంది.

మొదటి మెట్టు: సైజులు పంచుకోండి

ఇక్కడ మనకు కావలసినవి చిన్నదాని నుంచి పెద్దదాకా నాలుగు సైజులు: సోప్రానో, ఆల్టో, టెనార్, బాస్. అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇదే: నలుగురూ సోప్రానోలే కొనకండి. అది అన్నిటికన్నా సులువుగా దొరుకుతుంది కాబట్టి అందరి చెయ్యీ దాని మీదికే పోతుంది. కానీ నాలుగు సోప్రానోలు ఒక్కసారి ఊదితే చెవులు గింగురుమంటాయి. ఈ సంగీతం అందమంతా కింది గొంతుల్లో ఉంది.

సోప్రానోలో రంధ్రాలన్నీ మూస్తే సి పలుకుతుంది. దాన్ని స అనుకోండి. ఆల్టోలో అన్నీ మూస్తే దానికి కిందున్న మ, అంటే ఎఫ్ వస్తుంది. టెనార్‌లో మంద్ర స. బాస్‌లో ఆల్టో కంటే ఒక స్థాయి కింది మ. వేళ్ల కదలిక నాలుగింటికీ దాదాపు ఒకటే, పలికే స్వరం పేరే మారుతుంది. కాబట్టి ఆల్టో, బాస్ తీసుకున్నవాళ్లు నొటేషన్ చదివే అలవాటును కొత్తగా చేసుకోవాలి. టెనార్‌లో రంధ్రాల మధ్య దూరం ఎక్కువ, దాన్ని పొడుగు వేళ్లున్నవాళ్లకు ఇవ్వండి. బాస్ ఖరీదైనది. అది కొనేదాకా ఆ పార్ట్‌ను, అంటే బాస్‌కు రాసిన వరుసను, కీబోర్డు మీద వాయించినా పని నడుస్తుంది.

కొనేటప్పుడు ప్లాస్టిక్‌వి చాలు. యమహా, ఆలోస్ కంపెనీలవి నమ్మకంగా పలుకుతాయి. ఆన్‌లైన్‌లో సైజు పేరు కూడా కలిపి వెతకండి, లేకపోతే మాటలు రికార్డు చేసే యంత్రాలు వస్తాయి. ఒకటి మాత్రం తప్పకుండా చూసుకోండి: ముందువైపు పైనుంచి లెక్కపెడితే నాలుగో రంధ్రం కంటే ఐదోది పెద్దగా ఉంటే అది బరోక్ రకం, చిన్నగా ఉంటే జర్మన్ రకం. జర్మన్‌లో ఎఫ్ సులువే కానీ దానికి అర మెట్టు పైనున్న ఎఫ్ షార్ప్ శ్రుతి తప్పుతుంది. బరోక్‌దే తీసుకోండి.

రెండో మెట్టు: ఒక్క స్వరం మీద కూర్చోండి

ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టి, శ్రుతి జికి మార్చండి. సోప్రానో ఒక్కటే జి స్వరాన్ని నిలిపి ఊదాలి. తర్వాత టెనార్ ఒక స్థాయి కింది జితో కలవాలి. రెండూ సరిగ్గా కలవకపోతే ధ్వనిలో ఒక వణుకు వినిపిస్తుంది, తేడా పెరిగేకొద్దీ ఆ వణుకు వేగం పెరుగుతుంది. గట్టిగా ఊదితే శ్రుతి ఎక్కుతుంది, మెల్లగా ఊదితే దిగుతుంది. ఎక్కువైనవాళ్లు ఊపిరి కాస్త తగ్గించుకుంటూ రావాలి, వణుకు పోయేదాకా. తర్వాత ఆల్టో వాళ్లు డి, అంటే ఈ శ్రుతికి ప, అందుకోవాలి. ఈ ఒక్క పనికి అరగంట పోయినా పరవాలేదు. వేళ్ల వేగం ఇంట్లో ఎవరికి వారు పెంచుకోవచ్చు. ఒకరి ఊపిరికి ఇంకొకరు సర్దుకోవడం మాత్రం కలిసి కూర్చున్నప్పుడే వస్తుంది.

ప్రతి స్వరాన్నీ నాలుకతో మొదలుపెట్టండి, 'దు' అన్నట్టు మెత్తగా. 'హు' అని గాలి వదిలితే నలుగురి మొదలు నాలుగు చోట్ల పడుతుంది. పాట ఎత్తుకునేటప్పుడు ఒకరు తల చిన్నగా ఎత్తి గాలి పీల్చాలి, మిగతావాళ్లు ఆ తాళానికే పీల్చాలి.

సాధనకు షాబాద్ బండలు పరిచిన ఖాళీ హాలు దొరికితే వదులుకోకండి, బాస్ గొంతు అక్కడ నిండుగా వినిపిస్తుంది. ఫ్యాన్ కింద కూర్చుంటే కాగితాలకు బట్టల క్లిప్పులు పెట్టండి.

మూడో మెట్టు: ఏం వాయించాలి?

టీల్మన్ సుసాటో 1551లో ఆంట్‌వెర్ప్‌లో అచ్చువేసిన నాట్య సంగీతంతో మొదలుపెట్టండి. అది నాలుగు పార్టుల్లో ఉంటుంది, ఏ వాయిద్యాల మీదైనా వాయించుకోవచ్చని ఆయనే రాశాడు. అందులో 'రాండ్' అనేవి చిన్నవి, ప్రతి ముక్కా రెండుసార్లు వస్తుంది. పాత సంగీతం నొటేషన్లు ఉండే ఐఎమ్‌ఎస్‌ఎల్‌పీ (IMSLP) వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. చెయ్యి తిరిగాక జర్మన్ స్వరకర్త ప్రెటోరియస్ 1612లో ప్రచురించిన నాట్యాలకు వెళ్లండి. మొదట సగం వేగంతో, సోప్రానో లేకుండా కింది మూడు పార్టులే వాయించి చూడండి. అవి నిలిచాక పైన పాట చేరితే ఎంత తేలిగ్గా పలుకుతుందో మీకే తెలుస్తుంది.

మన పాటల్లో బతుకమ్మ పాటలు దీనికి భలే కుదురుతాయి. స్వరాలు కొద్ది, ఒకరు చరణం ఎత్తుకుంటే అందరూ 'ఉయ్యాలో' అందుకుంటారు. చరణం సోప్రానోకు ఇవ్వండి, 'ఉయ్యాలో' ఆల్టో, టెనార్ కలిసి పలకాలి, బాస్ స, ప మీదే నిలబడాలి. దీని మీద పాశ్చాత్య కార్డ్స్ (chords, ఒకేసారి మోగే స్వరాల గుత్తులు) గుప్పించవద్దు, పాట నడక చెడుతుంది. ఎవరైనా చప్పట్లు వేస్తే ఆ నడకే మిమ్మల్ని నడిపిస్తుంది.

శ్రుతి, తడి

వరంగల్ ఎండాకాలంలో వేడికి శ్రుతి పైకి పోతుంది. అప్పుడు తల భాగాన్ని ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి లాగండి. బండి డిక్కీలో ఎండకు వదిలేయకండి. డిసెంబరు పొద్దున అయితే తంటా ఇంకోటి: చల్లటి గొట్టంలో ఊపిరి తడి చేరి గొంతు పూడుకుపోతుంది. వాయించే ముందు తల భాగాన్ని చంకలో పెట్టుకుని వెచ్చబరచండి. అయినా పూడుకుంటే, కిటికీలాంటి సందును వేలితో తేలిగ్గా మూసి గట్టిగా ఒకసారి ఊదండి. ఆ సందు అంచును మాత్రం గోటితోనో పుల్లతోనో గీకకండి, ధ్వని పుట్టేది అక్కడే. ఎప్పుడూ ఇదే గొడవైతే, ప్లాస్టిక్ రికార్డర్‌కు గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క నీళ్లలో కలిపి గాలి దారిలో పోసి, కడగకుండా అలాగే ఆరనివ్వండి.