చలిదేశంలో బేస్‌మెంట్‌ను గదులుగా మార్చడం: హైదరాబాద్‌లో కూర్చుని ప్లాను వేసేవారికి

హైదరాబాద్‌లో సెల్లార్ అంటే కార్లు నిలుపుకునే చోటు, వానాకాలంలో మోటారు పెట్టి నీళ్లు తోడే చోటు. షికాగోలోనో, మిన్నియాపోలిస్‌లోనో, టొరంటోలోనో ఇల్లు కొనుక్కున్న మన పిల్లలు బేస్‌మెంట్ అంటున్నది దీన్ని కాదు. శీతాకాలంలో అక్కడ నేల గడ్డకడుతుంది. గడ్డకట్టిన మట్టి ఉబ్బి పునాదిని పైకి నెట్టకుండా ఉండాలంటే పునాది అడుగు మట్టి గడ్డకట్టే లోతుకు దిగువన ఉండాలి. మిన్నెసోటా నిబంధనల ప్రకారం ఆ లోతు రాష్ట్రపు దక్షిణ భాగంలో 42 అంగుళాలు, ఉత్తర భాగంలో 60 అంగుళాలు. ఎలాగూ అంత తవ్వాలి కనుక మరికొంత తవ్వి ఒక అంతస్తునే కింద కట్టుకోవడం అక్కడ అలవాటైంది. అంత చలి లేని డాలస్‌లో బేస్‌మెంట్లు అరుదు కావడానికి ఇదొక కారణం.

ఇక్కడ మాదాపూర్‌లో కూర్చుని ఇలాంటి ఇళ్లకు ఇంటీరియర్ డ్రాయింగులు గీసే పనిలో ఉన్నందువల్ల, కుటుంబాలు మొదట పంపేవి ఏమిటో నాకు బాగా తెలుసు: హోమ్ థియేటర్ ఫొటోలు, పూజగది తలుపు డిజైన్లు, అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఉండే పడకగది బొమ్మలు. అవన్నీ చివర తేలవలసిన విషయాలు. చలిప్రాంతపు బేస్‌మెంట్‌ను గోడ లోపలి నుంచి ఇవతలికి ఆలోచించుకుంటూ రావాలి. గోడకు పైతొడుగుగా కొట్టే జిప్సమ్ బోర్డు వెనక ఏముందన్న దాన్ని బట్టే దాని ముందు పెట్టినవి ఎన్నాళ్లు నిలుస్తాయన్నది తేలుతుంది.

మొదట నీటి సంగతి చూడాలి. వీలైతే ఒకసారి మంచు కరిగే వసంతకాలాన్నీ, ఒకసారి వేసవి కుంభవృష్టినీ గమనించిన తరువాతే పని మొదలుపెట్టడం మంచిది. కాంక్రీటు గోడ అడుగున తెల్లటి ఉప్పు పొడి చారగా పేరుకుందా, ఇంటిని వేడిచేసే ఫర్నేస్ కాళ్లకు తుప్పు పట్టిందా, నేల మీద పెట్టిన అట్టపెట్టెల అడుగు మెత్తబడిందా అని వీడియో కాల్‌లో దగ్గరగా చూపించమని అడగండి. నేల సంగతి తేల్చుకోవడానికి 18 అంగుళాల చదరపు ప్లాస్టిక్ షీటును నాలుగు వైపులా టేపుతో అంటించి, కనీసం 16 గంటలు వదిలి, ఆ తరువాత ఎత్తి చూస్తే చాలు: కింద తడి కనిపిస్తే కాంక్రీటులోంచి చెమ్మ పైకి వస్తున్నట్లే. నీరు వస్తున్నదని తేలితే వాటర్‌ప్రూఫ్ పెయింటు డబ్బా కోసం పరుగెత్తకూడదు. ఇంటి బయట మొదటి 10 అడుగుల దూరంలో నేల కనీసం 6 అంగుళాలు వాలుగా ఉండేటట్లు చూసి, కప్పు నీటి గొట్టాలను పునాదికి దూరంగా పొడిగిస్తే సగం సమస్య అక్కడే తీరుతుంది. లోపల గుంతలో చేరిన నీటిని బయటికి తోడే సంప్ పంపు ఉంటే దానికి బ్యాటరీ బ్యాకప్ తప్పనిసరిగా పెట్టించాలి, ఎందుకంటే కరెంటు పోయేది సరిగ్గా పెద్దవాన కురిసే రాత్రే. గోడ మీద నిలువుగా వెంట్రుకవాసి పగులు ఉంటే సాధారణంగా భయం లేదు. అడ్డంగా పగిలి, గోడ లోపలికి ఉబ్బినట్లుంటే మాత్రం డిజైనరును పక్కన పెట్టి స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాలి.

అసలు కథ గోడలో ఉంది. మన దగ్గర గోడకు చెమ్మ పట్టిందంటే వాన నీరో, పగిలిన పైపో కారణమవుతుంది. అక్కడ చుక్క నీరు కారకపోయినా గోడ తడుస్తుంది. బయట నేల గడ్డకట్టి ఉండగా లోపల హీటర్ నడుస్తుంటుంది. స్నానాలు, వంట, మనుషుల ఊపిరి వల్ల లోపలి గాలిలో తేమ ఉంటుంది. ఆ గాలి చల్లటి కాంక్రీటును తాకిన చోటల్లా, మే నెలలో ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు పట్టినట్లు, చెమట పడుతుంది. గోడ చట్రంగా నిలబెట్టే కొయ్యల (స్టడ్ల) మధ్య ఫైబర్‌గ్లాస్ దూది కూరి, దాని మీద ప్లాస్టిక్ షీటు వేసి, బోర్డు కొట్టేయడం చాలాకాలంగా ఉన్న చవక పద్ధతి. దూది గాలిని ఆపదు, కాబట్టి గాలి దాన్ని దాటి వెళ్లి కాంక్రీటు మీద నీరవుతుంది. ఆ నీరు ఇవతలికి ఆరిపోకుండా ప్లాస్టిక్ అడ్డుపడుతుంది. అలాంటి గోడ ఒకటి విప్పినప్పుడు చూస్తే దూది వెనక వైపు నల్లగా మచ్చలు పడి, కింది కొయ్య గోరుతో గీస్తే పొడి రాలేంతగా పుచ్చి ఉంటుంది. ముందు వైపు పెయింటు మాత్రం కొత్తదిలాగే మెరుస్తుంటుంది.

కాబట్టి గాలి కాంక్రీటును తాకకుండా చేయడమే ప్లానులో మొదటి గీత కావాలి. గట్టి ఫోమ్ బోర్డును నేరుగా కాంక్రీటుకు అంటించి, అతుకులను టేపుతోనూ అంచులను ఫోముతోనూ మూసి, దాని ముందు స్టడ్ల గోడ నిలబెట్టాలి; లేదా గాలి దూరని క్లోజ్డ్ సెల్ స్ప్రే ఫోమ్ కొట్టించాలి. ఎక్స్‌పీఎస్ అనే గట్టి ఫోమ్ బోర్డు అంగుళం మందానికి సుమారు ఆర్-5 నిరోధం ఇస్తుంది (వేడి దాటిపోకుండా ఆపే శక్తికి కొలత ఆర్). అమెరికా నమూనా నిబంధనలు మిన్నియాపోలిస్ వంటి ఆరో వాతావరణ మండలంలో స్టడ్లు అడ్డురాకుండా గోడంతా పరిచే ఎడతెగని ఇన్సులేషన్ అయితే ఆర్-15 కోరతాయి, అంటే దాదాపు 3 అంగుళాల మందం. స్థానిక నిబంధన వేరుగా ఉంటే దాన్నే పాటించాలి. ఫోమ్ మంటను అందుకునే పదార్థం కనుక దాన్ని అరంగుళం జిప్సమ్ బోర్డుతో కప్పకుండా వదలకూడదు. పునాది గోడ పైన, పై అంతస్తు దూలాల చివరలు ఆనే రిమ్ జాయిస్ట్ దగ్గర చలిగాలి అన్నిటికంటే ముందు దూరుతుంది. అక్కడ ఒక్కో అరలో ఫోమ్ ముక్క కోసి పెట్టి చుట్టూ మూయడం విసుగు పుట్టించే పనే గాని, ఖర్చుకు తగిన ఫలితం అంతగా ఇచ్చే పని మరొకటి లేదు. నేలను తాకే కొయ్య, పుచ్చకుండా మందు పట్టించిన ప్రెజర్ ట్రీటెడ్ రకానిదై ఉండాలి. నీటి పైపులు బయటి గోడలో పోకుండా చూడాలి, పోతే జనవరిలో గడ్డకట్టి పగులుతాయి.

డెన్వర్ వైపు ఇల్లు ఉన్నవారికి ఇంకొక సంగతి చెప్పాలి. అక్కడి మట్టి, మన నల్లరేగడి లాగే, తడిస్తే ఉబ్బి ఎండితే కుంచించుకుపోతుంది. అందుకే అక్కడ బేస్‌మెంట్ లోపలి గోడలను పై దూలాలకు వేలాడదీసి, అడుగున ఖాళీ వదులుతారు. నేల లేచినా గోడ పైకప్పును నెట్టదు.

గోడలు మూయకముందే రేడాన్ పరీక్ష చేయించాలి. మట్టిలోని యురేనియం క్షీణించగా పుట్టే ఈ వాయువుకు రంగూ వాసనా లేవు. ఇల్లు మూసి ఉండే శీతాకాలంలో బేస్‌మెంట్‌లో ఎక్కువగా చేరుతుంది. అమెరికాలో పొగతాగడం తరువాత ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఇది రెండో కారణమని ఆ దేశపు పర్యావరణ సంస్థ చెబుతోంది. లీటరుకు 4 పికోక్యూరీలు దాటితే అక్కడ చర్య తీసుకోమంటారు. కెనడాలో ఘనపు మీటరుకు 200 బెక్వెరెల్స్ హద్దు. పరిష్కారం తెలిసినదే: నేల కాంక్రీటు కింది గాలిని ఒక గొట్టం, ఫ్యాను ద్వారా కప్పు పైకి పంపడం. ఆ గొట్టం ఎక్కడ నిలబడుతుందో ముందే తెలిస్తే అల్మారా వెనక దాగుతుంది, ఆలస్యంగా తెలిస్తే హాలు మధ్యలో నిలబడుతుంది.

అమ్మానాన్నల పడకగది అక్కడే అనుకుంటే, అగ్నిప్రమాదంలో బయటపడేంత కిటికీ లేని గదిని పడకగది అనడానికి నిబంధనలు ఒప్పుకోవు. అమెరికా నమూనా నిబంధనల్లో కిటికీ తెరిచినప్పుడు ఖాళీ ఎత్తు కనీసం 24 అంగుళాలు, వెడల్పు కనీసం 20 అంగుళాలు, మొత్తం వైశాల్యం 5.7 చదరపు అడుగులు ఉండాలి. నేలమట్టంలోనూ దానికి దిగువనా అయితే 5 చాలు. ఎత్తు వెడల్పులు రెండింటినీ కనీసానికే తీసుకుంటే వైశాల్యం 3.3 చదరపు అడుగులే వస్తుందని చాలామంది లెక్కవేసుకోరు. కిటికీ గట్టు నేల నుంచి 44 అంగుళాలు మించకూడదన్నది నిబంధన. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి అంత ఎత్తు ఎక్కడం కష్టం, కనుక వీలైనంత కిందికి దించండి. దీనికోసం పునాది గోడను కోసి బయట గొయ్యి తవ్వాలి, కాబట్టి నేల గడ్డకట్టకముందే ఆ పని ముగిసేటట్లు తేదీలు వేసుకోవాలి.

ఫర్నేస్, వాటర్ హీటర్ ఉన్న మూలను అందం కోసం బిగించి మూసేయకూడదు. అవి మండడానికి గాలి కావాలి, ముందు 30 అంగుళాల చోటు కావాలి. కరెంటు ప్యానెల్ ముందు 36 అంగుళాలు ఖాళీగా ఉంచాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం పడకగది దగ్గర తప్పనిసరి. బాత్రూమ్ పెట్టుకుంటే మురుగు గొట్టం నేలకంటే ఎత్తున ఉందేమో చూడాలి. ఉంటే గొయ్యి తీసి, మురుగును పైకి తోడే ఎజెక్టర్ పంపు పెట్టవలసి వస్తుంది, ఖర్చు అక్కడే పెరుగుతుంది. వేపుళ్ల కోసం రెండో వంటగది అడిగేవారు చాలామంది, అయితే స్టవ్ పెట్టగానే దాన్ని వేరే నివాసంగా లెక్కగట్టే ఊళ్లు ఉన్నాయి, నగర కార్యాలయంలో ముందుగా అడగాలి. పూజగది పెట్టుకోండి గాని, పొగ అలారానికి ఆనుకుని వద్దు. అలారాలన్నీ ఒకదానికొకటి కలిపి ఉంటాయి కనుక హారతి కర్పూరానికి ఇల్లంతా మోగుతుంది.

పర్మిట్ లేకుండా చేయిస్తామనే కాంట్రాక్టరు మాట వినవద్దు. వైరింగ్, ప్లంబింగ్, ఫ్రేమింగ్ (గోడల చట్రం) చూసి తనిఖీ అధికారి సరేనన్న తరువాతే జిప్సమ్ బోర్డు ఎక్కాలి. ఆ ముందురోజు ప్రతి గోడనూ, కొలత టేపు ఆనించి, నేల నుంచి పైకప్పు దాకా ఫొటోలు తీసి పంపమనండి; రేపు టీవీ బిగించడానికి మేకు కొట్టేటప్పుడు ఏ పైపు ఎక్కడుందో చెప్పేవి అవే.