ఆపి ఉంచిన ఏఐ ఏజెంట్ షెడ్యూలును తిరిగి నడపడం: కుబెర్నెటీస్ క్రాన్‌జాబ్ మార్గదర్శిని

ప్రోగ్రాములను అనేక సర్వర్లపై నడిపించే కుబెర్నెటీస్‌లో, నిర్ణీత వేళకు పనిచేయవలసిన ఏఐ ఏజెంట్‌ను (ఏఐ మోడల్ సాయంతో తనంతట తానే పనులు చేసే ప్రోగ్రామును) క్రాన్‌జాబ్‌గా, అంటే చెప్పిన వేళకల్లా ఒక జాబ్‌ను (ఒక విడత పనిని) మొదలుపెట్టే అమరికగా నడపడం సర్వసాధారణం. దానిని కొన్నాళ్లు ఆపాలంటే దాని సెట్టింగులుండే స్పెక్‌లోని సస్పెండ్ అనే ఫీల్డును ట్రూ చేస్తారు, మళ్లీ నడపాలంటే ఫాల్స్ చేస్తారు. ఆపేముందు మొదలైన జాబ్‌లపై ఈ మార్పు ప్రభావం ఉండదు. చేయవలసింది ఇంతే కనుక చాలా బృందాల డాక్యుమెంట్లలో ఈ విషయం ఒక్క వాక్యంతో ముగుస్తుంది. కానీ ఆగిన కాలంలో తప్పిపోయిన పనిని ఏం చేయాలన్నది సస్పెండ్ తీయకముందే తేల్చుకోవాలి.

ఫిర్యాదుల మెయిళ్లు చదివి రోజూ ఉదయం 6 గంటలకు జవాబులు పంపే ఏజెంట్‌ను పది రోజులు ఆపి, శుక్రవారం మధ్యాహ్నం 3 గంటలకు తిరిగి ప్రారంభించారనుకుందాం. శనివారం ఉదయం వరకు అది కదలదని ఎవరైనా భావిస్తారు. అయితే సస్పెండ్‌లో ఉండగా దాటిపోయిన వేళలను కుబెర్నెటీస్ తప్పిన రన్‌లుగానే లెక్కిస్తుంది. స్టార్టింగ్‌డెడ్‌లైన్‌సెకండ్స్ అనే గడువు పెట్టి ఉండకపోతే, సస్పెండ్ తీసిన వెంటనే, అంటే 3 గంటలకే, జాబ్ మొదలవుతుంది. పది వేళలు తప్పినా పది జాబ్‌లు రావు, చివరిగా తప్పిన వేళకు ఒక్కటే వస్తుంది. అయితే ఆ ఒక్క రన్నే పది రోజులుగా పేరుకున్న మెయిళ్లన్నింటినీ మోడల్‌కు పంపి, ఈపాటికి మనుషులే జవాబిచ్చేసిన ఫిర్యాదులకు సైతం మళ్లీ జవాబులు పంపగలదు.

ఇది వద్దనుకుంటే ముందుగా ఆ గడువును 300 సెకన్లకు పెట్టి, ఆ తరువాతే సస్పెండ్ తీయాలి. అప్పుడు 5 నిమిషాలకు మించి ఆలస్యమైన రన్‌ను కంట్రోలర్ (వేళలు చూసి జాబ్‌లు మొదలుపెట్టే కుబెర్నెటీస్ భాగం) వదిలేస్తుంది. ఈ గడువును 10 సెకన్ల కంటే తగ్గించకూడదు, ఎందుకంటే కంట్రోలర్ 10 సెకన్లకొకసారి మాత్రమే చూస్తుంది కాబట్టి అసలు రన్‌లే తప్పిపోవచ్చు. ఇతర పరికరాల అలవాటును ఇక్కడికి తెచ్చుకోవడమూ ప్రమాదమే. పనులను షెడ్యూలు చేసే మరో పరికరమైన టెంపోరల్‌లో పాజ్‌లో ఉండగా దాటిన వేళలు వాటంతట అవి నడవవు, కావాలంటే వాటిని నడపమని బ్యాక్‌ఫిల్ ఆదేశం ఇవ్వాలి. అటువంటిదే అయిన ఎయిర్‌ఫ్లోలో క్యాచప్ అనే సెట్టింగు ట్రూగా ఉంటే తప్పిన ప్రతి విరామానికీ ఒక రన్ వస్తుంది.

తరువాత ఏజెంట్ స్థితిని చూడాలి. ఆగిన కాలంలో ఏపీఐ కీ (మోడల్‌ను వాడుకోవడానికి ఇచ్చే రహస్య సంకేతం) గడువు తీరి ఉండవచ్చు, వాడుతున్న మోడల్‌ను దాని సంస్థ ఉపసంహరించుకొని ఉండవచ్చు. ఎక్కడి వరకు చదివిందో గుర్తుంచుకునే ఏజెంట్ అయితే ఆ గుర్తును ఈ రోజుకు జరపాలా, పాత మెయిళ్లను కూడా చదవనివ్వాలా అన్నది ఆ పని బాధ్యులు నిర్ణయించాలి, క్లస్టర్‌ను (కుబెర్నెటీస్ నడిచే సర్వర్ల సముదాయాన్ని) చూసుకునే ఇంజినీరు కాదు.

జాబ్ విఫలమైతే మళ్లీ ప్రయత్నించే సంఖ్యను బ్యాకాఫ్‌లిమిట్ నిర్ణయిస్తుంది, విడిగా ఇవ్వకపోతే అది 6. లెక్కలు వేసే ప్రోగ్రాముకు ఇది మేలే కానీ, సగం మెయిళ్లు పంపి పడిపోయిన ఏజెంట్‌కు కాదు. అటువంటి ఏజెంట్‌కు దానిని 0 చేయడం నా సలహా. అయినా అరుదుగా ఒకే వేళకు రెండు జాబ్‌లు రావచ్చు కనుక, జవాబు పంపిన ప్రతి మెయిల్ ఐడీని ఏజెంట్ నమోదు చేసుకొని, మళ్లీ పంపేముందు సరిచూసుకోవాలి. ఒక రన్ నడుస్తుండగా మరొకటి మొదలవవచ్చా అన్నది చెప్పే కాన్‌కరెన్సీపాలసీ, విడిగా ఇవ్వకపోతే, అలౌగా (అనుమతి) ఉంటుంది. పేరుకున్న పని మరుసటి ఉదయం వరకు సాగితే రెండు రన్‌లు ఒకదానిపై ఒకటి పడతాయి, కాబట్టి దానిని ఫర్‌బిడ్‌గా (నిషేధం) మార్చాలి.

సస్పెండ్ తీయకుండానే ఒక పరీక్ష రన్ చేయవచ్చు. కుబెర్నెటీస్‌కు ఆదేశాలిచ్చే సాధనమైన క్యూబ్‌సీటీఎల్‌లో క్రియేట్ జాబ్ ఆదేశానికి ఫ్రమ్ ఐచ్ఛికంతో క్రాన్‌జాబ్ పేరు ఇస్తే, అదే టెంప్లేట్‌తో ఒక జాబ్ వెంటనే మొదలవుతుంది. అది నిజంగానే మెయిళ్లు పంపుతుంది, కాబట్టి ఏజెంట్‌ను ముందుగా చిత్తుప్రతులు మాత్రమే రాసే పద్ధతికి మార్చి, లాగ్‌లు చదివిన తరువాతే మామూలు పద్ధతికి తేవాలి.

అన్నీ కుదిరాక క్యూబ్‌సీటీఎల్ ప్యాచ్‌తో సస్పెండ్‌ను ఫాల్స్ చేసి, గెట్ క్రాన్‌జాబ్ ఆదేశంతో సస్పెండ్, యాక్టివ్, లాస్ట్ షెడ్యూల్ గడులు చూడాలి. 3 గంటలకు మార్చితే యాక్టివ్ గడిలో 0 ఉండాలి, 1 కనిపిస్తే గడువు అమలు కాలేదన్నమాట. టైమ్‌జోన్ ఫీల్డు ఖాళీగా ఉంటే కంట్రోలర్ తన స్థానిక సమయాన్నే తీసుకుంటుంది. అది యూటీసీ అయితే భారతదేశపు ఉదయం 6 గంటలను 0:30గా రాయాలి, లేదా ఆ ఫీల్డులో ఏషియా/కోల్‌కతా అని ఇవ్వాలి. కుబెర్నెటీస్ 1.27 వెర్షన్ నుంచి అది ప్రయోగదశ దాటి స్థిరపడిన ఫీల్డు. మీ మానిఫెస్టులు (సెట్టింగుల ఫైళ్లు) మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్‌లో ఉండి, ఆర్గో సీడీ అనే సాధనం వాటిని క్లస్టర్‌లో అమలు చేస్తుంటే, గిట్‌లోనూ సస్పెండ్ ఫాల్స్ చేయాలి. లేకపోతే, క్లస్టర్‌ను గిట్‌లో ఉన్నట్టే ఉంచే దాని సెల్ఫ్ హీల్ సదుపాయం ఆన్‌లో ఉంటే, అది మీ మార్పును వెనక్కి తిప్పి ఏజెంట్‌ను మళ్లీ ఆపేస్తుంది, దానికి ఏ హెచ్చరికా రాకపోవచ్చు.