బైకు మీటరు అద్దం లోపల చేరిన చెమ్మను ఎలా తొలగించాలి?

మధ్యాహ్నమంతా ఉక్కపోసి, సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకు ఒక్కసారిగా వాన కుమ్మరించడం హైదరాబాద్‌లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా మామూలే. అలాంటి రోజుల్లో మోటారు సైకిలు మీటరు అద్దం లోపలివైపు చెమర్చి, అంకెలు మసకబారతాయి. వెంటనే మీటరు విప్పకుండా, అది గాలిలోని తేమ వల్ల పట్టిన ఆవిరా, బయటి నుంచి చొరబడిన నీరా అన్నది ముందు తేల్చుకోవాలి.

చాలా మీటర్లు పూర్తిగా మూసిన పెట్టెలు కావు. లోపలి గాలి వేడికి వ్యాకోచించి, చల్లబడినప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి, ఆ ఒత్తిడికి అద్దం బీటలు వారకుండా అడుగున ఒక సన్నని గాలి రంధ్రం ఉంచుతారు. ఆ దారిన తేమ కూడా లోపలికి వెళుతుంది. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలి సుమారు 26 డిగ్రీలకు చల్లబడగానే అందులోని ఆవిరి నీరుగా మారడం మొదలవుతుంది; అంటే చల్లని వాన చినుకులు పడి అద్దం నాలుగైదు డిగ్రీలు చల్లబడితే చాలు. ఇలా పట్టిన పలుచని పొర ఎండ తగిలాక తనంతట తానే పోతుంది, దానికి ఏమీ చేయనక్కరలేదు. బొట్లు జారుతున్నా, అడుగున నీరు నిలిచినా, రెండు మూడు రోజులకు కూడా మసక వదలకపోయినా నీరు చొరబడినట్టే భావించాలి. నా అంచనాలో ఇందుకు వానకన్నా వాటర్ సర్వీసింగే ఎక్కువ కారణం: వాన పైనుంచి పడుతుంది, ప్రెషర్ గొట్టం మాత్రం అడుగు నుంచి కూడా కొడుతుంది.

బండి వారంటీలో ఉంటే మీటరును మీరు ముట్టుకోవద్దు. తడి కనిపిస్తున్నప్పుడే ఫొటో తీసి షోరూమ్‌లో చూపించండి. వారంటీ దాటిన బండికైతే, తిరిగిన కిలోమీటర్ల అంకె కనిపించేలా ఒక ఫొటో తీసుకుని, తాళం ఆపి, బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పాలి. తర్వాత మీటరు వెనుక తీగలను కలిపే కప్లర్‌ను, పాత బండైతే స్పీడోమీటర్ కేబుల్‌ను వేరుచేసి, బోల్టులు తీసి మీటరును బయటికి తేవాలి. తీగలు వెళ్లిన దారిని కూడా ఫొటో తీసి ఉంచితే బిగించేటప్పుడు తికమక ఉండదు.

ఇక ఆరబెట్టడం. ముసురు పట్టిన రోజున కిటికీ దగ్గర పెడితే బయటి గాలే తడిగా ఉంటుంది కాబట్టి ఫలితం ఉండదు. మూత గట్టిగా పట్టే డబ్బాలో తేమను పీల్చే సిలికా జెల్ గుళికలు సుమారు 100 గ్రాములు పోసి, గాలి రంధ్రం మూసుకుపోకుండా మీటరును అందులో ఉంచి ఒకటి రెండు రోజులు కదపకూడదు. ఏసీ గాలిలోని తేమను తీసేస్తుంది కాబట్టి, రాత్రంతా ఏసీ నడిచే గదిలో ఉంచినా బాగానే ఆరుతుంది. బియ్యం డబ్బాలో పెట్టమనే సలహా వినకండి. బియ్యం తేమను అంతగా పీల్చదు, పైగా దాని పొడి కప్లర్‌లో చేరుతుంది. హెయిర్ డ్రయర్ వేడిని దగ్గరగా పట్టినా, మే నెల ఎండలో వదిలేసినా డిజిటల్ తెర మీది పొర దెబ్బతిని నల్లని మరకలు రావచ్చు.

ఆరిన తర్వాత నీరు వచ్చిన దారి వెతకడమే అసలు పని. చీకటి గదిలో టార్చి వేసి అద్దం అంచు చుట్టూ, ట్రిప్ బటన్ మీది రబ్బరు దగ్గర, కేబుల్ దూరే చోట, బల్బు హోల్డర్ల చుట్టూ నిదానంగా చూడాలి. గట్టిపడి పగిలిన రబ్బరును మార్చడమే మేలు. అంచు దగ్గర సన్నని చీలిక మాత్రమే ఉంటే సిలికాన్ సీలెంట్ సరిపోతుంది, కానీ వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు. ఆరేటప్పుడు అది వదిలే ఎసిటిక్ ఆమ్లం రాగి తీగలను తినేస్తుంది. న్యూట్రల్ రకం అని అడిగి తీసుకోండి. ఎంత జాగ్రత్తపరులైనా చేసే పొరపాటు ఒకటుంది: నీళ్లు వస్తున్నాయని గాలి రంధ్రాన్ని కూడా సీలెంట్‌తో మూసేయడం. అలా చేస్తే లోపలి తేమ ఇక బయటికి పోదు. రంధ్రంలో దుమ్ము ఉంటే మెత్తని కుంచెతో దులపాలి, సూదితో పొడవకూడదు. కొన్ని రంధ్రాలకు లోపల పలుచని పొర ఉంటుంది, సూది తగిలితే అది చిరుగుతుంది.

అద్దాన్ని జిగురుతో అతికించిన డిజిటల్ మీటరైతే ఇంట్లో తెరవడానికి ప్రయత్నించకుండా, మీటర్లు బాగుచేసే మెకానిక్‌కు ఇవ్వడం మంచిది. మిగతావాటిని బిగించే ముందు కప్లర్ పిన్నులకు పచ్చని తుప్పు పట్టిందేమో చూసి, కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేసి, చివరగా బ్యాటరీ తీగ కలపాలి. ఆ తర్వాత సర్వీసింగ్‌కు వెళ్లినప్పుడు మీటరు, స్విచ్‌ల మీద ప్రెషర్ నీళ్లు కొట్టవద్దని ముందే చెప్పి, ఆ భాగాన్ని తడిగుడ్డతో తుడిపించండి.