ఫారిన్ ఇంటర్న్‌షిప్‌కి పోయే పిల్లలూ, టికెట్ కొనే ముందు ఇది చదవండి

ఈ మధ్య ఒకే మాదిరి కేసులు వరసగా వింటా ఉన్నా. తాజాది చిత్తూరు పక్క పల్లె నుంచి వచ్చి తిరుపతిలో పీజీ చదివే అమ్మాయిది. నైరోబీలో ఒక ఎన్జీఓలో మూడు నెలల ఇంటర్న్‌షిప్ వచ్చింది, తాగునీళ్ల మీద పని. ఆఫర్ నిజమే, ఎన్జీఓ నిజమే, ట్రావెల్ గ్రాంటు కూడా నిజంగానే మంజూరైంది. మోసం ఎక్కడా లేదు. అయినా ఈరోజు వాళ్లమ్మ గొలుసు కుదవలో ఉంది. ఎందుకంటే ఆ గ్రాంటు పోయి వచ్చినాక బిల్లులు పెడితే ఇచ్చేది, లెటరు రెండో పేజీలో రాసే ఉంది. వీళ్లు మొదటి పేజీలో మంజూరు అనే మాట చూసి సంబరంగా టికెట్ కొనేసినారు, అదీ రిఫండ్ రానిది, చీప్‌గా వచ్చిందని. అక్కడ పనిచేయడానికి కావాల్సిన పర్మిట్ లేటయింది, తేదీ దాటిపోయింది, టికెట్ డబ్బులు గోవిందా. ఇప్పుడు ప్రయాణమే లేదు కాబట్టి బిల్లు లేదు, బిల్లు లేదు కాబట్టి గ్రాంటు లేదు, వడ్డీ మాత్రం నెల తిరిగేసరికి వచ్చి నిలబడతా ఉంది.

నేను ఒక కాలేజీ అకౌంట్స్ సెక్షన్లో పనిచేస్తా, ఇట్లాంటి ఫైళ్లు నా టేబుల్ మీదికే వస్తాయి. డిసెంబరు, జనవరి వస్తే వేసవి ఇంటర్న్‌షిప్‌లకి అప్లికేషన్ల హడావుడి మొదలైపోతుంది. పాస్‌పోర్ట్ జాగ్రత్త, పచ్చడి ప్యాక్ చేసుకోండి లాంటివి నేను చెప్పను, అవి మీ అమ్మే చెప్తుంది. నేను చెప్పేది ఒకటే. మంజూరైన డబ్బు మీ డబ్బు కాదు. అకౌంట్లో పడినాకే మీది. పడకముందు టికెట్ కొనొద్దు.

డబ్బు ఎప్పుడు వస్తుంది

గ్రాంటు వచ్చిందని ఫోన్ రాగానే స్వీట్లు పంచేముందు ఇచ్చేవాళ్లకి ఒక మెయిల్ పెట్టండి. డబ్బు ముందే ఇస్తారా, తర్వాతా, విడతలుగానా? అడ్వాన్స్ అడిగితే ఎంతవరకు ఇస్తారు? వీసా రాకపోతే అప్పటికి పెట్టిన ఖర్చు ఎవరిది? టికెట్ ఎక్కడ కొనాలి? ఇవి ఫోన్లో అడగొద్దు, మెయిల్లోనే అడగండి, ఎందుకంటే ఫోన్లో సార్ సరేనన్నాడు అనేది ఆడిట్‌లో నిలబడదు. అడ్వాన్స్ చాలాచోట్ల ఉంటుంది, అడిగినోళ్లకి ఇస్తారు, అడగకపోతే ఎవరూ పిలిచి చెప్పరు.

టికెట్ ఎక్కడ కొనాలి అనేది చిన్న ప్రశ్న అనుకోవద్దు. కేంద్ర ప్రభుత్వ సొమ్ముతో చేసే విమాన ప్రయాణాలకి బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ, ఈ మూడు టికెట్ ఏజెన్సీల దగ్గరే టికెట్ తీసుకోవాలని 2022లో ఆర్డరు వచ్చింది. మీ గ్రాంటుకి అది వర్తిస్తుందో లేదో మీ కాలేజీ అకౌంట్స్‌లో ముందే అడగండి. రెండు వేలు తక్కువని ఏదో యాప్‌లో కొని, తిరిగొచ్చినాక మొత్తం క్లెయిమే ఆగిపోయి మా టేబుల్ ముందు నిలబడితే మేమైనా ఏం చేయగలం.

ఇప్పుడు వడ్డీ లెక్క చూడండి. మన వైపు బయట అప్పంటే నూటికి మూడు రూపాయలు మామూలే. రెండు లక్షలు తెస్తే నెలకి 6,000. ఏప్రిల్లో తెచ్చినారు, జులై ఆఖరుకి తిరిగొచ్చినారు, రిపోర్టు రాసి బిల్లులు పెట్టేసరికి సెప్టెంబరు, అక్కడో ప్రశ్న ఇక్కడో సంతకం అయ్యి డబ్బు పడేసరికి డిసెంబరు. ఎనిమిది నెలలు, 48,000. గ్రాంటే లక్ష అయితే దాంట్లో సగం వడ్డీ వ్యాపారికి పోయినట్టే, పిల్ల నేర్చుకున్నదేమో గానీ ఆయన మాత్రం బాగా సంపాదించినాడు.

అమెరికాలో ఉండే చిన్నాన్న ఇస్తానన్నాడు అనేది కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. చిన్నాన్న మంచోడే కావచ్చు. అకౌంట్లో పడిందా? పడలేదంటే టికెట్ లేదు.

ఎవరు ఇస్తారు, ఎవరు ఇవ్వరు

ఐక్యరాజ్యసమితి అనగానే ఇంట్లోవాళ్లు జీతం ఎంత అని అడుగుతారు. ఐరాస సెక్రటేరియట్ ఇంటర్న్‌లకి జీతం ఇవ్వదు, ప్రయాణం, గది, వీసా, ఇన్సూరెన్స్ అన్నీ మన జేబులోంచే. 2015లో జెనీవాలో ఒక న్యూజిలాండ్ కుర్రోడు అద్దె కట్టలేక టెంట్ వేసుకుని ఉంటున్నాడని పేపర్లన్నీ రాసినాయి, 22 ఏళ్లోడు, ఐరాసలో ఇంటర్న్. న్యూజిలాండ్ వాళ్లకే అట్ల అయితే మన పరిస్థితి ఆలోచించుకోండి. అన్నీ అట్ల కాదు మళ్లీ, ఐఎల్ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) స్టైపెండ్ ఇస్తుంది, డబ్ల్యూహెచ్ఓ కూడా 2020 నుంచి ఇస్తోంది, వరల్డ్ బ్యాంక్ అయితే గంటకింత అని కట్టిస్తుంది. అగ్రికల్చర్ పిల్లలకి ఫిలిప్పీన్స్‌లో లాస్ బాన్యోస్ దగ్గరుండే వరి పరిశోధన సంస్థ ఇర్రి లాంటి చోట్ల పని నిజంగా నేర్చుకోవచ్చు, ఖర్చు ఎవరిదో మాత్రం ఒక్కో అవకాశానికి విడివిడిగా కనుక్కోండి.

స్టైపెండ్ ఉన్నా మొదటి నెల మీరే గడపాలి. ఆ డబ్బు నెలాఖరుకి వస్తుంది, కొన్నిచోట్ల అక్కడ బ్యాంక్ అకౌంట్ తెరిచినాకే వస్తుంది, ఈలోపు గది అద్దె, దాని మీద డిపాజిట్, బస్సు పాసు అన్నీ చేతి డబ్బే. ఎడ్యుకేషన్ లోన్ తీసుకుందాం అనుకుంటారు, బ్యాంకులు ఇచ్చేది చదివే కోర్సుకి, ఉత్త ఇంటర్న్‌షిప్‌కి ఇవ్వడం అరుదు. ఎస్సీ పిల్లలకి కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కూడా మాస్టర్స్, పీహెచ్‌డీకే. దాని మీద ఆశ పెట్టుకుని టికెట్ కొనొద్దు, ఎవరో సీనియర్ చెప్పినాడని అసలు కొనొద్దు.

వీసా, టీకా

టూరిస్ట్ వీసా మీద పోయి ఇంటర్న్‌షిప్ చేయొద్దు. జీతం లేదు కదా అదేం ఉద్యోగం కాదు అని పిలిచేవాళ్లే అంటారు, ఇమిగ్రేషన్ వాడు అట్ల అనడు. జీతం లేకపోయినా చాలా దేశాల్లో దాన్ని పని కిందే లెక్కేస్తారు.

షెంగెన్ వీసాకి (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా) కనీసం 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ ఉండాలి, ఐరాస ఆఫీసులుండే జెనీవా, రోమ్ రెండూ ఈ లెక్కలోకే వస్తాయి. మామూలుగా మూడు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్ అడుగుతారు, కాబట్టి అప్లై చేసే ముందు వారం ఎవరి దగ్గరో నాలుగు లక్షలు తెచ్చి అకౌంట్లో వేసి చూపించే తెలివి వద్దు. అట్ల ఒక్కసారిగా వచ్చిపడిన డబ్బు వాళ్ల కంట్లో వెంటనే పడుతుంది.

కెన్యా, ఉగాండా, ఘనా లాంటి చోట్లకి పోయేవాళ్లకి ఎల్లో ఫీవర్ టీకా, ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు. అది లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి 6 రోజుల వరకు క్వారంటైన్‌లో పెడతారు. ఈ టీకా ఊర్లో ప్రతి ఆస్పత్రిలో వేయరు, చెన్నై గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు, ఏ రోజుల్లో వేస్తారో కనుక్కుని సప్తగిరి రైలు ఎక్కండి, ఊరికే పోయి తిరిగిరావద్దు.

ఇక మిగిలినవి గుర్తొచ్చినట్టు రాస్తా ఉన్నా.

– ఫీజు కట్టించుకుని ఐరాస ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తాం అంటే మోసం. ఐరాస ఏ దశలోనూ ఫీజు తీసుకోదు, అప్లికేషన్‌కి లేదు, ఇంటర్వ్యూకి లేదు, ట్రైనింగ్‌కి లేదు.

– విదేశీ ఉద్యోగానికి పంపే లైసెన్స్ ఉన్న ఏజెంటే 30,000, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదని రూలు. ఇంటర్న్‌షిప్ ప్లేస్‌మెంట్ అని లక్షన్నర అడిగేవాడికి లైసెన్స్ ఉందో లేదో కేంద్ర విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ సైట్లో చూడండి.

– కంబోడియా, మయన్మార్ నుంచి డేటా ఎంట్రీ ఇంటర్న్‌షిప్ అని వస్తే పోవద్దు. 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టింది ఇదే, డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకుపోయి పిల్లల్ని సైబర్ మోసాల్లో కూర్చోబెట్టినారు.

– డబ్బు కట్టి అనాథాశ్రమంలో వాలంటీర్‌గా పోయే ప్యాకేజీలు వద్దు. నేపాల్‌లో, కంబోడియాలో అట్లాంటి చోట్ల ఉండే పిల్లల్లో చాలామందికి అమ్మో నాన్నో ఉన్నారు, మీలాంటోళ్ల డబ్బు కోసం అక్కడ పెట్టినారు.

– లోన్ యాప్ ముట్టుకోవద్దు.

– రిఫండ్ రాని టికెట్ వద్దు, వీసా చేతికి రాకముందు అసలే వద్దు.

– బోర్డింగ్ పాస్ దాచండి. అది వేడికి అచ్చు పడే కాగితం, పర్సులో పెట్టుకుంటే మన ఎండలకి రెండు నెలల్లో తెల్లగా అయిపోతుంది, నా దగ్గరికి వచ్చేవాటిలో పేరు కూడా కనపడనివి ఉంటాయి. దిగిన రోజే ఫోటో తీయండి, జిరాక్స్ కూడా.

– బిల్లు మీద పేరు మీది ఉండాలి. ఫ్రెండ్ కార్డుతో కట్టినా బిల్లు మీ పేరు మీదే.

– నోట్లుగా 3,000 డాలర్లకి మించి తీసుకుపోవద్దు, చాలా దేశాలకి అదే పరిమితి. మిగతాది ఫారెక్స్ కార్డులో, అంటే విదేశీ డబ్బు వేసుకుని వాడే బ్యాంకు కార్డులో.

– పాస్‌పోర్ట్ ఒరిజినల్ ఎవరికీ ఇచ్చి పెట్టొద్దు, ఆఫీసోళ్లు అడిగినా సరే.

– ఇల్లు కుదవ పెట్టొద్దు. భూమి పాస్‌బుక్ ఇవ్వొద్దు. మూడు నెలల ఇంటర్న్‌షిప్‌కి!

– డబ్బు పడిందా? మెసేజ్ కాదు, లెటర్ కాదు, బ్యాలెన్స్ చూడండి. పడలేదా, టికెట్ కొనొద్దు.

– నాన్నకి లెటర్ మొత్తం తెలుగులో చదివి వినిపించండి, మంచి ముక్కలే కాదు. గొలుసు కుదవ పెట్టి డబ్బు తెచ్చేది ఆయనే.

– పోయినాక ఆ దేశంలో మన ఎంబసీలో పేరు నమోదు చేసుకోండి. ఇబ్బంది వస్తే ఫిర్యాదు పెట్టడానికి విదేశాంగ శాఖ మదద్ పోర్టల్ ఉంది, బయటదేశాల్లో ఉండే తెలుగోళ్ల కోసం మన రాష్ట్రానిదే ఏపీఎన్ఆర్‌టీ హెల్ప్‌లైన్ ఉంది, నంబరు ఎక్కేముందే ఫోన్లో సేవ్ చేసుకోండి.

– ఎవడికో దుడ్లు పంపేసి మోసం అని అర్థమైతే సిగ్గుపడతా కూర్చోవద్దు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పొద్దున చూద్దాంలే అనుకుంటే తెల్లారేసరికి ఆ డబ్బు నాలుగు అకౌంట్లు మారిపోయి ఉంటుంది.